పాత ఫియట్ రిమ్ములకు ఇంట్లోనే రంగు: టూకే క్లియర్ డబ్బా డబ్బుకు తగ్గదేనా?

పద్మినీ అయినా అంబాసిడర్ అయినా స్టీలు రిమ్ముల రంగు ఒక పట్టాన నిలవదు. బాడీ మీద ఏళ్ల తరబడి చెక్కుచెదరని రంగు రిమ్ము మీద రెండు వానాకాలాలకే పెచ్చులూడుతుంది. బ్రేకు దుమ్ము, కంకర దెబ్బలు, పంక్చర్ షాపులో జారే పానా, బ్రేకు ఆయిల్ చుక్క, అన్నీ పడేది అక్కడే. అందుకే మామూలు స్ప్రే డబ్బా క్లియర్‌కూ (రంగు మీద రక్షణగా వేసే పారదర్శక పూత), హార్డనర్ అనే గట్టిపరిచే రసాయనం కలిసే రెండు భాగాల టూకే క్లియర్‌కూ ఉన్న తేడా బానెట్ మీద కంటే రిమ్ము మీదే ముందు బయటపడుతుంది. ఇక్కడ చూస్తున్నది ఆ టూకే రకం డబ్బానే. స్ప్రేమ్యాక్స్ టూకే క్లియర్ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ఇదే పద్ధతిలో పనిచేసేవి వేరేవీ ఉన్నాయి.

ముందే చెప్పేస్తాం: కొనండి. మామూలు క్లియర్ కంటే ధర కొన్ని రెట్లు ఎక్కువైనా రిమ్ములకు గిట్టుబాటే. అయితే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కొట్టాలన్న ఆలోచన ఉంటే మాత్రం వద్దు. ఎందుకో కింద ఉంది.

డబ్బా పనిచేసే తీరు ఇది. హార్డనర్ లోపల విడిగా ఒక చిన్న గొట్టంలో ఉంటుంది. మూతకున్న ఎర్ర మీట తీసి, డబ్బా తలకిందులు చేసి, అడుగున ఉన్న పిన్నుకు తగిలించి గట్టిగా నొక్కాలి. లోపల గొట్టం పగిలి హార్డనర్ కలుస్తుంది. ఆ తర్వాత రెండు నిమిషాలు తగ్గకుండా కుదపాలి. నొక్కిన క్షణం నుంచి గడియారం మొదలైనట్టే. 20 డిగ్రీల దగ్గర సుమారు 48 గంటలు పనిచేస్తుందంటారు గానీ మన ఎండల్లో అంత ఆశ పెట్టుకోకండి, అదే రోజు ఖాళీ చేసేయాలి. కాబట్టి ఆదివారానికొక రిమ్ము చొప్పున చేద్దామంటే కుదరదు. స్టెప్నీతో కలిపి ఐదూ రంగు దాకా తయారై వరుసగా నిలబడ్డాకే మీట నొక్కాలి.

14 అంగుళాల రిమ్ములు ఐదింటికి 400 మిల్లీలీటర్ల డబ్బాల లెక్కన ప్రైమర్ రెండు, రంగు మూడు, క్లియర్ రెండు సరిపోతాయి. క్లియర్ ముఖానికీ గాలి కంతలకీ చాలు, వెనకవైపు అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. క్లియర్ పాడైందని తిట్టుకునే పదిమందిలో చాలామందికి పాడైంది క్లియర్ కాదు, దాని కింద ఉన్నదే. మొదటి దొంగ టైరు పాలిష్. అందులో సిలికాన్ ఉంటుంది. అది రిమ్ము అంచుకు పట్టి ఉండగానే ఉప్పుకాగితం పెట్టి రుద్దితే సిలికాన్ గీతల్లోకి దిగిపోతుంది, తర్వాత కడిగినా పోదు. రంగు కొట్టగానే నూనె మీద నీళ్లు విరిగినట్టు చిన్న చిన్న గుంటలు పడతాయి. అందుకని వరుస మార్చకండి: ముందు గిన్నెల సబ్బు నీళ్లు, ఆరాక వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్, ఆ తర్వాతే కాగితం. రిమూవర్‌ను ఒక గుడ్డతో తడిపి, తడి ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో ఎత్తేయాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డును అటు నుంచి ఇటు జరపడమే. చివరి కడుగుడుకు బోరు నీళ్లు వద్దు, ఆరాక తెల్ల మరకలు మిగిలి రంగు కింద పొక్కులవుతాయి. మంజీరా కుళాయి నీళ్లు ఒక బకెట్ పట్టి పెట్టుకోండి.

టైరు విప్పకుండా అంచుల్లో పేక ముక్కలు దోపి కొట్టేవాళ్లున్నారు. ముఖం వరకైతే సరే. తుప్పు దాగేది టైరు కూర్చునే అంచులోనే గనుక విప్పించడమే మంచిది. విప్పాక చక్రం బిగించే స్టడ్డు కంతల చుట్టూ, గాలి కంతల మూలల్లో వెంట్రుకలాంటి గీత ఉందేమో చూడండి. గీత ఉన్నా, కంత కోడిగుడ్డులా సాగినా ఆ రిమ్ము ఇనుప సామాన్లవాడికే. దానికి వెల్డింగు పెట్టి, పుట్టీ రాసి, రంగేసి తిప్పడం ప్రాణాలతో ఆట.

తుప్పుకు గ్రైండర్‌కు తగిలించే గిన్నె వైరు బ్రష్ చాలు. అద్దాలు లేకుండా ఆన్ చేయొద్దు, తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి. ఇసుక బ్లాస్టింగ్ చేయిస్తే ఇంకా శుభ్రం. కానీ బ్లాస్టింగ్ అయిన ఉక్కు వానాకాలంలో గంటల్లోనే నారింజ రంగుకు తిరుగుతుంది, అదే రోజు ప్రైమర్ పడాలి. పాత రంగు గట్టిగా అంటుకుని ఉంటే పూర్తిగా తీయక్కర్లేదు, థిన్నర్ పరీక్ష చేయండి. దూదిని థిన్నర్‌లో ముంచి అర నిమిషం అదిమి పట్టండి. రంగు దూదికి వస్తే అది థిన్నర్‌కు కరిగే పాత డ్యూకో రకం. దాని మీద టూకే వేస్తే ముడతలు పడొచ్చు, తీసేయడమే మేలు.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగినా ముందు రెడాక్సైడ్ డబ్బా చేతిలో పెడతారు. కిటికీ గ్రిల్లుకు అది బంగారమే, ఈ పనికి మాత్రం కాదు. అది నిదానంగా ఆరే ఆయిల్ రకం. పైన టూకేలోని ఘాటు సాల్వెంట్ పడగానే కింద మెత్తబడి పాలమీగడలా ముడుచుకుంటుంది. ఉక్కుకు ఎపాక్సీ ప్రైమర్ అడగండి. అల్యూమినియం అల్లాయ్ అయితే ఎచ్ ప్రైమర్. ఎచ్ మీద నేరుగా పుట్టీ రాయకూడదు, అందులోని యాసిడ్ పుట్టీని సరిగ్గా గట్టిపడనివ్వదు. రంగు డబ్బా మీద కూడా అక్రిలిక్ అని ఉందో లేదో చూడాలి. సింథటిక్ ఎనామెల్ అయితే రెడాక్సైడ్ కథే మళ్లీ.

గుంటలకు పుట్టీ. హార్డనర్ బరువులో 2 శాతం, అంటే గోల్ఫ్ బంతంత పుట్టీకి బఠాణీ గింజంత. ఎండాకాలం మూడు నాలుగు నిమిషాల్లో గట్టిపడుతుంది కాబట్టి ఒక రిమ్ముకు సరిపడానే కలపాలి. ఎర్రగా ఉంటే గట్టిగా ఉంటుందని హార్డనర్ ఎక్కువ వేస్తే ఆ ఎరుపు లేత రంగుల్లోంచి పైకి ఊరుతుంది. ఉప్పుకాగితం నంబర్ల వరుస 80, 180. ప్రైమర్ ఆరాక 400 వాటర్ పేపర్, వెండి రంగైతే 600.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన చోటు. నట్టు గానీ బోల్టు గానీ ఆనుకునే ఏటవాలు గిన్నె, హబ్బుకు (కారు వైపు చక్రం బిగించే భాగానికి) ఆనే వెనక ముఖం. ఈ రెండు చోట్లా రంగు పడకూడదు. ప్రైమర్, రంగు, క్లియర్ పొరలన్నీ కలిసి అక్కడ మెత్తటి వాషరులా పనిచేస్తాయి. బిగించినప్పుడు బిగిసినట్టే ఉంటుంది, నాలుగు రోజులు తిరిగాక రంగు నలిగి పల్చబడి పట్టు వదులుతుంది. కొత్త రంగేసిన చక్రం నట్లు వాటంతటవే వదులయ్యాయని వింటే కారణం ఇదే. దీనికి చవకైన మందు పిల్లల గాజు గోళీలు. ఏటవాలు గిన్నెలో గోళీ పెడితే గుండ్రంగా, సరిగ్గా అంచు వరకు మూసుకుంటుంది. టేపు చుట్టి కత్తితో కోసే బాధ లేదు. రిమ్ము పడుకోబెట్టి కొట్టి, చివరి పూత తడి ఆరాక గోళీలు ఎత్తేయడమే. హబ్బు ముఖానికి మాత్రం టేపే.

కొట్టడానికి హైదరాబాద్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పగలు పది నుంచి మూడు మధ్య హాయి. మే నెల మధ్యాహ్నం ఎండలో పెట్టిన రిమ్ము చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. రంగు గాల్లోనే ఆరి గరుకు పొడిగా పడుతుంది. జూలైలో తేమకు తెల్లటి మసక దిగుతుంది. పాత బకెట్ బోర్లించి దాని మీద రిమ్ము పెట్టి, మనం తిరక్కుండా రిమ్మునే తిప్పండి. ముందు కంతల లోపలి అంచులు, తర్వాత ముఖం. జానెడు దూరం, అంటే 20 నుంచి 25 సెంటీమీటర్లు. పల్చటి పూతలు మూడు, పూతకూ పూతకూ పది నిమిషాలు. వెండి రంగు మచ్చలు మచ్చలుగా కనిపిస్తే ఇంకా దట్టంగా కొట్టకండి. దూరం పెంచి చివరగా ఒక్క పొడి పూత మంచులా రాలనివ్వండి, సమం అవుతుంది. రంగు అరగంట ఆరాక క్లియర్: మొదట పల్చగా ఒకటి, పది నిమిషాలాగి తడిగా మెరిసేలా ఒకటి. రెండోదాంట్లో చెయ్యి నిలిపితే అంచుల దగ్గర కారుతుంది. ఈ డబ్బాల నాజిల్ విసనకర్రలా పరుస్తుంది, మామూలు డబ్బా గుండ్రటి చుక్క కంటే ఎంతో నయం. మెరుపులో కంప్రెసర్, గన్నుతో చేసిన పనికి దగ్గరగా వస్తుంది.

మీగడ రంగు రిమ్ముకు ఎర్ర గీత కావాలనుకునేవాళ్లకు ఒక చిట్కా: క్లియర్‌కు ముందే, రిమ్మును కారుకు తగిలించి, కారు కింద స్టాండు పెట్టి (జాకీ మీద మాత్రం కాదు), చక్రాన్ని చేత్తో నిదానంగా తిప్పుతూ సన్న బ్రష్‌ను ఒకేచోట నిలిపి ఉంచండి. గీత దానంతటదే గుండ్రంగా వస్తుంది. ఎనామెల్‌తో కాదు, అదే అక్రిలిక్ రంగు మూతలోకి కొట్టుకుని ముంచండి.

సెల్లార్ సంగతి. టూకే హార్డనర్‌లో ఐసోసైనేట్లుంటాయి. ఒకసారి అవి ఊపిరితిత్తులకు సరిపడకుండా పోతే తర్వాత కొద్దిగా పీల్చినా ఆయాసం వస్తుంది, ఆస్తమా స్థిరపడిపోవచ్చు. కరోనా నాటి ఎన్95 మాస్కు ఆవిరిని ఆపదు. కనీసం రసాయన ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జిలు, ముందు ఫిల్టర్లు ఉన్న రబ్బరు మాస్కు, నైట్రైల్ గ్లవ్స్, అద్దాలు, నిండు చేతుల చొక్కా కావాలి. అదీ ఆరుబయటే, గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడి. మూసిన చోట ఆ మాస్కు కూడా చాలదు, బయటి గాలి గొట్టంతో అందాలి. డాబా మీదైతే ముందు నీళ్ల ట్యాంకు మూత బిగించండి, పక్కింటివాళ్ల బట్టలు తీయమనండి. తుంపర కిందున్న కార్ల మీదకు కూడా పోతుంది.

ఇంత తంటా వద్దనుకుంటే పౌడర్ కోటింగ్ ఉంది, బాలానగర్, జీడిమెట్ల వైపు అడగండి. దెబ్బకు అది ఇంకా గట్టి. కానీ 180 నుంచి 200 డిగ్రీల దాకా కాల్చుతారు కాబట్టి కింద మామూలు పుట్టీ నిలవదు, గుంటలున్న పాత రిమ్ము గుంటలతోనే వస్తుంది. నట్టు గిన్నెలు మూయమని అక్కడ కూడా చెప్పాల్సిందే. ఇక హై టెంపరేచర్ వెండి డబ్బాల జోలికి పోకండి. అవి సైలెన్సర్‌కు. బాగా కాలితేనే గట్టిపడతాయి, రిమ్ము అంత కాలదు గనుక గోటికి ఊడే మెత్తదనంతోనే ఉండిపోతాయి.

క్లియర్ అరగంటలో దుమ్ము పట్టని స్థితికి వచ్చినా టైరు ఎక్కించడానికి వారం ఆగాలి. మిషను మీద దవడలను లోపలి నుంచి పట్టించమని, అంచుకు సబ్బు బాగా రాయమని చెప్పండి. బ్యాలెన్సింగ్‌కు అంచుకు కొట్టే సీసం క్లిప్పులు వద్దు, లోపల అతికించే బరువులు అడగండి. నట్లు ఎదురెదురుగా బిగించి, 50 నుంచి 80 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచితో మళ్లీ చూడండి.

టూకే డబ్బాలో ఏమైనా మిగిలితే మామూలు డబ్బాలా తలకిందులు చేసి నాజిల్ శుభ్రం చేసి దాచలేరు, లోపలే రాయవుతుంది. మిగిలింది స్టెప్నీ వెనకవైపుకు, హబ్బు ముఖానికి తగలకుండా, కొట్టేయండి.