కొల్లేరులో చేపల చెరువు వాటా కొనబోతున్నారా? అడ్వాన్స్ ఇవ్వకముందే ఇది చదవండి

"కొల్లేరులో మంచి చెరువు ఉంది, ఒక వాటా తీసుకోండి, ఏటా లీజు డబ్బులు ఇంటికొస్తాయి" అని మీకు ఎవరైనా చెబితే ముందు ఒక్క ప్రశ్న అడగండి. ఆ చెరువు ఐదో కాంటూరుకు, అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు దగ్గర గీసిన కొల్లేరు అభయారణ్యం హద్దుకు, లోపలా, బయటా? లోపలైతే పట్టాదారు పాస్‌పుస్తకం ఎంత అసలుదైనా, ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే సర్టిఫికెట్) ఎంత శుభ్రంగా ఉన్నా, ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మా కుటుంబం డబ్బు అక్కడే ఇరుక్కుంది. ఇంకొకరిది ఇరుక్కోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాకు చూపించింది మండవల్లి వైపు ఉన్న పెద్ద చెరువు. దాన్ని వాటాలుగా విడగొట్టి అమ్ముతున్నారు. వాటాకు ఆరు లక్షలు, ముందు రెండు లక్షలు అడ్వాన్స్. తీసుకొచ్చిన మధ్యవర్తి బంధువుల ద్వారా తెలిసినవాడే. మాట మర్యాద ఉన్న మనిషి, అమ్మను "పిన్నిగారూ" అని పిలుస్తూ మా ఇంట్లో భోజనం చేసి వెళ్లినవాడు. అమ్మ పేరున ఉన్న చిన్న స్థలం అమ్మగా వచ్చిన డబ్బులోంచి నేనూ తమ్ముడూ చెరో వాటాకు అడ్వాన్స్ కట్టాం. గట్టు మీద నిలబడి చూస్తే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి వెదురు కర్రలకు కట్టారు, వాటి చుట్టూ బొచ్చెలు, శీలావతులు ఎగబడుతున్నాయి. కళ్లెదుట పంట ఉంది, చేతిలో కాగితాలు ఉన్నాయి. ఆ కాగితాలు కూడా దొంగవి కావు, అదే అసలు ప్రమాదం.

కొన్ని నెలల తర్వాత సర్వేయర్లు, అటవీ శాఖ సిబ్బంది వచ్చి కొలతలు వేశారు. తర్వాత పొక్లెయిన్ వచ్చి రెండు చోట్ల గట్టు తెగ్గొట్టింది. తమ్ముడు వెళ్లేసరికి మోకాలి లోతు నీళ్లు మిగిలాయి. చేపలు గండి గుండా బయటి నీళ్లలోకి పోయాయి, ఊళ్లో కుర్రాళ్లు వలలు పట్టుకుని గండి దగ్గర నిలబడ్డారు, తవుడు సంచులు బురదలో పడి ఉన్నాయి. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "గవర్నమెంట్ చేసిన పనికి నేనేం చేస్తానండీ, అగ్రిమెంటులో రాసుకున్నాం కదా" అన్నాడు. తీసి చూస్తే నిజంగానే ఉంది. మూడో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో: "ప్రభుత్వపరంగా భవిష్యత్తులో ఎటువంటి అభ్యంతరములు వచ్చినను అందుకు సదరు వాటాదారులే పూర్తి బాధ్యత వహించవలెను." మీ అగ్రిమెంటులో ఇలాంటి వాక్యం కనిపిస్తే, ఏం జరగబోతోందో అమ్మేవాడికి ముందే తెలుసని అర్థం చేసుకోండి.

ఇప్పుడు చట్టం సంగతి. ఇది తెలిసినవాళ్లు మాకు ఎదురుపడింది డబ్బు పోయాకే, అందుకే కొంచెం సాగదీసి చెబుతాను.

కొల్లేరు మామూలు చెరువు కాదు, అభయారణ్యం. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు దాకా, అంటే ఐదో కాంటూరు వరకు ఉన్న సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో జీవో 120తో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రాంసర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో కూడా చేరింది. కైకలూరు, మండవల్లి, ఏలూరు, పెదపాడు, దెందులూరు, భీమడోలు, ఉంగుటూరు, నిడమర్రు, ఆకివీడు మండలాల దాకా దాని విస్తీర్ణం పాకి ఉంది. ఆటపాకకు పిల్లల్ని తీసుకెళ్లి గూడబాతుల్ని చూపించి వచ్చేవాళ్లం, ఆ పక్షుల కోసం పెట్టిన హద్దు మనం కొనబోయే గట్టు దాకా ఉందన్న ఆలోచన చాలామందికి రాదు.

అభయారణ్యం అంటే భూమి అంతా అటవీ శాఖ పేరున ఉండాలనేమీ లేదు. కొల్లేరు లోపల జిరాయితీ భూములు, అంటే ప్రైవేటు సొంత భూములు, ఉన్నాయి, వాటికి నిజమైన పట్టాలు ఉన్నాయి. అమ్మేవాళ్లు ఆడుకునేది ఇక్కడే. "పట్టా భూమి సార్, మా తాతలనాటిది" అంటారు. అది నిజమే కావచ్చు. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 20వ సెక్షన్ ఒకటి ఉంది. అభయారణ్యం చేయదలచుకున్నట్టు 18వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చాక ఆ హద్దుల్లోని భూమి మీద వారసత్వంగానో, వీలునామా ద్వారానో తప్ప ఎవరూ కొత్తగా హక్కు సంపాదించకూడదని అది చెబుతుంది. తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది, కొనుక్కున్నవాడికి రాదు. మేం సంప్రదించిన లాయరుగారు మా కాగితాలు పక్కన పెట్టి మొదట చదివి వినిపించింది ఈ ఒక్క సెక్షనే.

రెండోది 29వ సెక్షన్. అభయారణ్యంలోకి వచ్చే నీటిని గానీ, అందులోంచి పోయే నీటిని గానీ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా మళ్లించడం, ఆపడం, పెంచడం నేరం. ఆ అనుమతి కూడా వన్యప్రాణుల మేలు కోసమైతేనే ఇవ్వాలి. చేపల చెరువు గట్టు చేసే పని ఏంటి? నీటిని ఆపడమే కదా. అంటే పట్టా ఎవరిదైనా, ఆ గట్టే చట్టవిరుద్ధం. అభయారణ్యంలోని ప్రభుత్వ భూమి అయితే 34ఏ సెక్షన్ కింద అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధికారి ఆక్రమణదారుణ్ని ఖాళీ చేయించి, అనుమతి లేని కట్టడాలు తీయించవచ్చు, డిప్యూటీ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధికారి ఉత్తర్వుతో అక్కడున్న సామాన్లు, పనిముట్లు కూడా జప్తు చేయవచ్చు. దానికి ముందు మన వాదన వినాలి. కానీ ఆ నోటీసు వెళ్లేది రికార్డులో పేరున్నవాడికి, నోటరీ అగ్రిమెంటు పట్టుకున్న వాటాదారుడికి కాదు. మాకు నోటీసు సంగతే తెలియలేదు.

ఈ చట్టాలు ఎందుకు ఇంత గట్టిగా ఉన్నాయో కూడా ఒక్క మాట. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగుల నీళ్లన్నీ కొల్లేరులోకి వస్తాయి, సముద్రంలోకి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది చూశాం, ఆ నీళ్లు చివరికి చేరేది కొల్లేరుకే. మధ్యలో అడ్డంగా గట్లు ఉంటే అవి ఎగదన్ని లంక గ్రామాల మీద పడతాయి. ఒక్క పక్షుల కోసమే పెట్టిన హద్దు అనుకుంటే పొరపాటు. డబ్బు పోయిన కోపంలో ఉండి కూడా ఆ హద్దు ఉండాల్సిందేనని నేను అంటాను.

ఇక అందరూ చెప్పే పెద్ద మాట: "ఇంకో ఏడాదిలో అభయారణ్యం హద్దును మూడో కాంటూరుకు (3 అడుగుల ఎత్తుకు) తగ్గించేస్తారు, అప్పుడు ఇదే వాటా రేటు మూడింతలవుతుంది." మాతోనూ ఇదే అన్నాడు. నమ్మకండి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మూడో కాంటూరుకు తగ్గించాలని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఐదో కాంటూరే ఉండాలని చెప్పింది. అభయారణ్యం హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు ఉండాలని చట్టంలోనే రాసి ఉంది, దాని మీద సుప్రీంకోర్టు అనుమతి కూడా కావాలి. ఒక ఎమ్మెల్యేనో మంత్రో మైకు ముందు మాట ఇస్తే జరిగే పని కాదు. ప్రతి ఎన్నికలకూ ముందు ఈ మాట లేస్తుంది, దానితోపాటు వాటాల రేటు కూడా లేస్తుంది.

"ముప్పై ఏళ్లుగా ఇక్కడ చేపలు పెంచుతున్నాం, ఎవడూ ఏమీ చేయలేదు" అనేది ఇంకో మాట. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో జరిగిన ఆపరేషన్ కొల్లేరులో వేల ఎకరాల చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాత మళ్లీ గట్లు వేసుకున్నారు, మళ్లీ కొడుతున్నారు. ఇన్నేళ్లు నడిచిందంటే అనుమతి ఉందని కాదు, వంతు రాలేదని.

లంక గ్రామాల వాళ్ల మీద నాకు కోపం లేదు. 1970ల్లో సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. జిరాయితీ రైతులు తమ భూమికి పరిహారం ఇవ్వమని ఏళ్ల తరబడి అడుగుతున్నారు, అది న్యాయమైన డిమాండే. వాళ్ల అవసరాన్ని అడ్డం పెట్టుకుని, అమ్మకూడనిదాన్ని ముక్కలు చేసి బయటివాళ్లకు అంటగట్టే మధ్యవర్తుల గురించే నేను చెబుతున్నది.

కాగితాల విషయంలో కూడా జాగ్రత్త. నోటరీ చేయించడం వేరు, రిజిస్ట్రేషన్ వేరు. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ అవ్వాల్సిందే, లేకపోతే కోర్టులో ఆ లీజు నిలవడం కష్టం. రిజిస్ట్రేషన్ ఎందుకు చేయడం లేదంటే "ఖర్చు దండగ" అని చెబుతారు. అసలు కారణం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తెలుస్తుంది, ఆ సర్వే నంబరు నిషేధిత ఆస్తుల 22ఏ జాబితాలో ఉందేమో అడగండి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీ-పట్టా భూమి అయితే అసైన్డ్ భూముల చట్టం తలనొప్పి అదనం. చెరువు ఐదో కాంటూరు బయటే ఉన్నా సరే, చేపల సాగుకు లైసెన్సు ఉందా అని మత్స్య శాఖలో కనుక్కోవాలి. 2020లో ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాక అది తప్పనిసరి.

అన్నిటికంటే ముఖ్యమైన పని ఏలూరులో ఉంది. సర్వే నంబరు, సబ్ డివిజన్ నంబరుతో సహా, రాసి వన్యప్రాణి విభాగం డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్ (డీఎఫ్‌ఓ) ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఈ నంబరు అభయారణ్యం హద్దులో ఉందా, ఆక్రమణ నోటీసులేమైనా ఇచ్చారా అని రెండే ప్రశ్నలు అడగండి. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. "అన్ని రోజులు ఆగితే వాటా వేరేవాళ్లు తీసుకుంటారు" అని మధ్యవర్తి తొందరపెడితే తీసుకోనివ్వండి. నోటిమాటగా ఎవరు చెప్పినా, చివరికి ఊరి వీఆర్‌ఓ చెప్పినా, ఆ కాగితం వచ్చేదాకా ఆగండి.

ఇది కొల్లేరుతో పోయేది కాదు. శ్రీశైలం రోడ్డు వైపు నల్లమల అంచున "ఫారెస్ట్ వ్యూ" ఫామ్ ప్లాట్లు, రిసార్టు వాటాలు అమ్మే చోట కూడా, ఆ స్థలం అభయారణ్యం హద్దు లోపల ఉంటే ఇదే 20వ సెక్షన్ వర్తిస్తుంది. హద్దు బయట కూడా చిక్కే. చాలా అభయారణ్యాల ఎకో సెన్సిటివ్ జోన్ (హద్దు చుట్టూ ఆంక్షలు ఉండే ప్రాంతం) నోటిఫికేషన్లలో హద్దు నుంచి కిలోమీటరు లోపు కొత్త హోటళ్లు, రిసార్టులు కట్టనివ్వరు, స్థానికులు సొంతానికి ఇల్లు కట్టుకోవడానికే వెసులుబాటు ఉంటుంది. జోన్ వెడల్పు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ 30 మీటర్లు కూడా లేదు, అది చూసి అన్నిచోట్లా అంతే అనుకోవద్దు.

ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు: మిగతా డబ్బు ఆపేయండి. బ్యాంకు ద్వారా పంపిన రసీదులు, వాట్సాప్ మెసేజీలు, ఆడియోలు, చెరువు ఫొటోలు అన్నీ భద్రపరచండి. చట్టం నిషేధించిన పని కోసం చేసుకున్న ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ చెబుతుంది, కాబట్టి "అగ్రిమెంటు అమలు చేయించండి" అని కోర్టుకు వెళ్లి ప్రయోజనం లేదు. అభయారణ్యం సంగతి దాచిపెట్టి డబ్బు తీసుకున్నాడని మోసం కింద ఫిర్యాదు ఇవ్వడం, 65వ సెక్షన్ కింద డబ్బు వెనక్కి అడగడం, ఈ రెండు దారులే మా లాయరుగారు చూపించారు. మాకు అభయారణ్యం విషయం చెప్పలేదని రుజువు చేయడానికి ఆ మెసేజీలే ఆధారం.

ఇంకొకటి, ఇది ఈ వారమే జరిగింది. గొడవ పెద్దదవుతోందని అమ్మినాయన కొత్త ప్రతిపాదన తెచ్చాడు. "పాత అగ్రిమెంటు ఒరిజినల్ ఇచ్చేయండి, ఇంకో చెరువులో అదే వాటా రాసిస్తాను, అది ఐదో కాంటూరు బయటే" అంటున్నాడు. సర్వే నంబరు అడిగాం, ఇంతవరకు ఇవ్వలేదు. మీకూ ఇలా చెబితే ఒరిజినల్ మాత్రం చేతికివ్వకండి, జిరాక్స్ ఇవ్వండి చాలు.