లింకన్‌షైరా, కార్న్‌వాలా: ఇంగ్లండు పల్లె కౌంటీల్లో ఏది మేలు?

లండన్ అద్దెలు కట్టలేక పల్లె కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వైపు చూస్తున్న మనవాళ్లు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. కార్న్‌వాల్‌లోని ట్రూరో ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరాలా, లింకన్‌షైర్‌లోని బోస్టన్ ఆసుపత్రిలో చేరాలా అని అడిగే నర్సులున్నారు. వాళ్ల వెంట వెళ్లే భార్యకో భర్తకో అక్కడ ఏం పని దొరుకుతుందన్నదే అసలు బెంగ.

రెండూ సముద్రం ఒడ్డు కౌంటీలే. రెండింటా సేద్యం ఉంది, జీతాలు దేశ సగటు కన్నా తక్కువ. అందుకే నేను రెండే చూస్తాను: పని పన్నెండు నెలలూ ఉంటుందా, ఆ జీతానికి ఇల్లు వస్తుందా?

కార్న్‌వాల్ ఒకప్పుడు గనుల సీమ. చివరి తగరపు గని సౌత్ క్రాఫ్టీ 1998లో మూతపడింది. పింగాణీకి వాడే తెల్లమట్టి గనులు ఇంకా నడుస్తున్నా మునుపటంత మందికి పని లేదు. అలాంటి పాత గుంతలోనే 2001లో పర్యాటకుల కోసం ఈడెన్ ప్రాజెక్టు అనే పెద్ద గాజుగోపురాల తోట తెరిచారు. మొత్తమ్మీద బరువంతా పర్యాటకుల మీదే. ఈస్టర్ నుంచి అక్టోబరు దాకా సందడి, ఆ తర్వాత చాలామందికి పని గంటలు తగ్గిపోతాయి. చలికాలంలో సెయింట్ ఐవ్స్ అనే తీరపు ఊరి సందుల్లో నడిస్తే గుమ్మాల పక్కన అంకెల తాళమున్న చిన్న తాళంచెవి పెట్టెలు వరసగా కనిపిస్తాయి. అవి సెలవులకు అద్దెకిచ్చే ఇళ్లు. కొత్త ఇళ్లు అక్కడే కాపురముండేవాళ్లకే అమ్మాలని ఆ ఊరు 2016లో ఓటేసింది. 2025 ఏప్రిల్ నుంచి రెండో ఇళ్లపై కౌన్సిల్ పన్ను (స్థానిక ఇంటి పన్ను) రెట్టింపయింది. అయినా స్థానిక జీతానికి అక్కడ ఇల్లు అందడం కష్టమే. అక్కడి నేలలోని లిథియం (బ్యాటరీల్లో వాడే లోహం) మీద ఆశలున్నాయి గానీ, ఆశను నమ్ముకుని సంసారం తరలించలేం.

లింకన్‌షైర్‌లో అంత అందం లేదు. చిత్తడి నేలలను ఎండగట్టి, పంపులతో నీరు తోడుతూ నిలబెట్టిన చదును నేల అది. కాలీఫ్లవర్ పొలంలో ట్రాక్టర్ వెనక మనుషులు నడుస్తూ పువ్వు కోసి, ఆకు చెక్కి, అక్కడికక్కడే పెట్టెల్లో సర్దేస్తారు. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతి మెట్టు. స్పాల్డింగ్, హోల్‌బీచ్ చుట్టూ కడిగే, తరిగే, ప్యాక్ చేసే షెడ్లున్నాయి. స్థానిక పంట లేని నెలల్లో స్పెయిన్ సరుకు అక్కడికే వస్తుంది. అందుకే షెడ్డు ఖాళీగా ఉండదు. దాని చుట్టూ కోల్డ్ స్టోరేజీ, లారీలు, మెషిన్ల మరమ్మతు, నాణ్యత తనిఖీ, లెక్కలు... చదువుకున్నవాళ్లకూ చోటుంది. హోల్‌బీచ్‌లో లింకన్ విశ్వవిద్యాలయానికి ఆహార తయారీ కేంద్రమే ఉంది. లింకన్ నగరంలో గ్యాస్ టర్బైన్ల పరిశ్రమ ఉంది, చుట్టుపక్కల వైమానిక దళ స్థావరాలున్నాయి. ఇళ్ల ధరలు దేశ సగటు కన్నా తక్కువ.

లోపాలూ చిన్నవి కావు. పొలం పని ఏజెన్సీల చేతుల్లో ఉంటుంది. సీజనల్ వీసా ఆరు నెలలే, దానితో స్థిరపడలేరు. 2016లో ఐరోపా కూటమి నుంచి బయటికి రావాలని దేశంలోకెల్లా ఎక్కువగా, 75.6 శాతం, ఓటేసింది బోస్టనే. వలస కార్మికుల మీద అక్కడున్న అసహనాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇక మిగతా పల్లె కౌంటీల్లో, కంబ్రియాలో మంచి జీతాలు సెల్లాఫీల్డ్ అణు కేంద్రంలో, బారో జలాంతర్గాముల కార్ఖానాలో ఉన్నాయి. భద్రతా తనిఖీల వల్ల కొత్తగా వచ్చినవాళ్లకు అవి సులువుగా దొరకవు. హియర్‌ఫర్డ్‌షైర్ ఆపిల్ తోటలకు, పశువులకు పేరు, కానీ చిన్నది.

ఇద్దరూ సంపాదించాల్సిన కుటుంబమైతే నా ఓటు లింకన్‌షైర్‌కే. లింకన్‌లో ఇల్లు తీసుకోండి, కారు తప్పనిసరి. అదే కౌంటీలో సముద్రతీరపు స్కెగ్‌నెస్ వైపు అద్దె తక్కువని వెళ్లకండి, అక్కడా బతుకు వేసవి సీజను మీదే.