షిల్లింగు పత్రికా, పెన్నీ పత్రికా: విక్టోరియా కాలపు స్త్రీల ఉద్యమానికి ఏది మేలు?

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు స్త్రీలే తమ హక్కుల కోసం నడిపిన పత్రికలు మూడింటిని పక్కపక్కన పెడదాం. బెస్సీ పార్క్స్, బార్బరా బోడిషాన్ 1858లో లండన్‌లో పెట్టిన ‘ఇంగ్లిష్ ఉమన్స్ జర్నల్’ మాసపత్రిక. 1870 నుంచి మాంచెస్టర్‌లో లిడియా బెకర్ నడిపిన ‘విమెన్స్ సఫ్రేజ్ జర్నల్’. 1888లో హెన్రియెట్టా ముల్లర్ తెచ్చిన ‘విమెన్స్ పెన్నీ పేపర్’.

చదివే సరదా కావాలంటే పెన్నీ పేపరే. ఇది వారపత్రిక, ప్రముఖ స్త్రీల ఇంటర్వ్యూలు, పాఠకుల ఉత్తరాలతో వచ్చేది. అప్పటి ఇంగ్లండు నాణేల్లో షిల్లింగుకు పన్నెండు పెన్నీలు. అంటే షిల్లింగు వెల పెట్టిన ఇంగ్లిష్ ఉమన్స్ జర్నల్ ఒక్క సంచిక డబ్బుతో ఇవి పన్నెండు కొనుక్కోవచ్చు. 1890లో ఈ పత్రిక తన విలేఖరికి పార్లమెంటు ప్రెస్ గ్యాలరీలో చోటు అడిగితే ఇవ్వలేదు. (తరువాతి కాలంలో వివేకానందుని బేలూరు మఠం స్థలానికి డబ్బిచ్చింది ఈ ముల్లరే.)

బెకర్ పత్రికకు ఓటు హక్కు తప్ప వేరే లోకం లేదు. పార్లమెంటు చర్చలు, అర్జీలు, సభలు, విరాళాలు. చరిత్రకారుడికి నిధి, మామూలు పాఠకుడికి ఆవులింత.

షిల్లింగు పత్రిక తీరు మర్యాదగా, కొంచెం బెరుకుగా ఉండేది. ఓటు ఊసు పెద్దగా ఎత్తలేదు. చందాదారులు కొద్దిమంది, 1864లో ఆగిపోయింది. అయినా నా ఓటు దీనికే, ఎందుకంటే దీని బలం పేజీల్లో కాదు, ఆఫీసులో ఉంది. లండన్‌లో లాంగ్‌హామ్ ప్లేస్ అనే వీధిలోని ఆ ఆఫీసులో స్త్రీలకు పఠనమందిరం ఉండేది. పని వెతుక్కునేవారు అక్కడికే వచ్చేవారు. ఆ తాకిడి నుంచే 1859లో స్త్రీల ఉపాధి సంఘం పుట్టింది. మరుసటి ఏడు ఎమిలీ ఫెయిత్‌ఫుల్ విక్టోరియా ప్రెస్ పెట్టి ఆడపిల్లలకు కంపోజింగ్ (అచ్చు అక్షరాలు పేర్చే పని) నేర్పించింది. మగ కంపోజిటర్లకు కడుపు మండింది. బట్టలు పాడవ్వాలని ఆ ఆడపిల్లలు కూర్చునే స్టూళ్ల మీద సిరా పూశారు, పెట్టెల్లో అచ్చు అక్షరాలను కలిపేశారు. అయినా జర్నల్ అక్కడే అచ్చయింది. 1862లో ఫెయిత్‌ఫుల్‌కు రాణిగారి ముద్రాపకురాలిగా హోదా కూడా దక్కింది.

తక్కిన రెండూ ఒక్కో మనిషి మీద నిలబడ్డవి. 1890లో బెకర్ చనిపోగానే ఆమె పత్రిక ఆగిపోయింది. పెన్నీ పేపర్ 1891లో ‘ఉమన్స్ హెరాల్డ్’గా పేరు మార్చుకుంది; తరువాత చేతులు మారి మద్యనిషేధ ప్రచారం వైపు మళ్లింది. లాంగ్‌హామ్ ప్లేస్ బృందం మాత్రం పత్రిక పోయాకా చెదరలేదు. 1866 జూన్‌లో తత్వవేత్త, ఎంపీ జాన్ స్టువర్ట్ మిల్ పార్లమెంటుకు సమర్పించిన ఓటు హక్కు అర్జీ మీద దాదాపు 1,500 మంది స్త్రీల సంతకాలున్నాయి. వాటిని కూడగట్టినవారిలో బోడిషాన్, ఎమిలీ డేవిస్, జెస్సీ బౌషరెట్ ముందున్నారు. ముగ్గురూ ఆ షిల్లింగు పత్రిక చుట్టూ కూడినవారే.