గండికోట నీళ్లలో రెండేళ్లు తిప్పిన రోబో

మా కాలేజీ జువాలజీ ల్యాబుకు ఈ నీటి రోబో వచ్చి రెండేళ్లయింది. 4 కిలోలుంటుంది, చూడ్డానికి టిఫిన్ క్యారియర్‌ను పడుకోబెట్టినట్టు. తనంతట తానే ఈదుతుందని చెప్పి అమ్మారు. కంపెనీ పేరెందుకులే.

కడప నుంచి జీపులో గండికోట రిజర్వాయరుకు తీసుకెళ్లి వదిలితే మొదటిరోజే రాయిలా కిందికి పోయింది, మోటార్లు పాడయ్యాయేమోనని ఒకటే టెన్షన్. తీరా చూస్తే దాన్ని సముద్రానికి సరిపోయేలా తూకం వేసిపెట్టారు. ఉప్పునీళ్లు మంచినీళ్లకంటే దాదాపు 2.5 శాతం బరువు, కాబట్టి సముద్రంలో మునగక తేలక నిలిచే ఈ 4 కిలోల పెట్టె మన నీళ్లలో 100 గ్రాములు ఎక్కువ తూగుతుంది. చిన్న ప్లాస్టిక్ సీసా ఖాళీది కట్టాం. పైన బాగానే ఉంది గానీ 10 మీటర్లు దిగేసరికి సీసా నొక్కుకుపోయి సగమైంది, మళ్లీ మునక. చివరికి పొట్ట కింది బరువు బిళ్లలు తీసేస్తే కుదిరింది. ఈ ముక్క మాన్యువల్‌లో ఎక్కడా లేదు.

తనంతట తాను ఈదడమంటారా, నీళ్లలోకి జీపీఎస్ రాదు, ఎక్కడుందో దానికే తెలీదు. సముద్రంలో ఆర్గో ఫ్లోట్లు, అంటే నీళ్ల వేడి, ఉప్పదనం కొలిచే తేలే యంత్రాలు, 1000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ, 2000 దాకా దిగి, 10 రోజులకోసారి పైకొచ్చి ఉపగ్రహానికి లెక్కలు చెప్తాయి. వాటికక్కడ తగులుకునేదేముంది? ఇక్కడ మునిగిన ఊళ్ల గోడలు, కంపచెట్లు. ఆటో మోడ్‌లో వదిలిన మూడుసార్లూ కంపలోనే దొరికింది, కేబుల్ పట్టి లాక్కోవాల్సి వచ్చింది.

అవుకు రిజర్వాయరు నుంచి కృష్ణా నీళ్లు దిగే రోజుల్లో తీసుకెళ్లడం దండగ, నీళ్లు బురదగా ఉండి లైటు వేస్తే పొగమంచులో హెడ్‌లైటు వేసినట్టే. జనవరిలో వెళ్లాం. అప్పుడూ చేపలు పారిపోతుంటే పుట్టి నడిపే పెద్దాయన, "లైట్లు ఆర్పేసి అట్లే ఉంచు సార్, అవే వస్తాయి" అన్నాడు. గట్టు పక్క లోతు తక్కువచోట మోటార్లు ఆపి అడుగున పెట్టాం. పది నిమిషాలకు మగ జిలేబీ చేప (తిలాపియా) ఒకటి వచ్చి, నోటినిండా బురద ఎత్తి అవతల ఉమ్మేస్తూ గుండ్రంగా గుంత తవ్వుకుంది, కెమెరాకు జానెడు దూరంలో! పిల్లలకు నేను బోర్డు మీద గీసి చెప్పేదంతా అందులో కనబడింది. ఈ ఒక్క వీడియోకు పెట్టిన డబ్బులన్నీ వచ్చేశాయి నా దృష్టిలో.

బ్యాటరీ రెండు గంటలన్నారు, ఇప్పుడు యాభై నిమిషాలు. కొత్తది అడిగితే ఆ మోడల్ ఆపేశామన్నారు. కొనేవాళ్లు ఇంకో బ్యాటరీ, నాలుగు రబ్బరు రింగులు ముందే తెచ్చుకోండి, రింగు కింద వెంట్రుక ఇరుక్కుని మా కెమెరా డబ్బాలో చెంచాడు నీళ్లు చేరాయి. కేబుల్ మాత్రం విప్పకండి.