అమరావతి రాళ్ల వెంట గుంటూరు నుంచి ఎగ్మోరు దాకా

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తాను, ఇంకెవరూ అలా మోసపోకూడదని. చెన్నైలో ఎగ్మోరు స్టేషన్ దగ్గర సందులో, ఆన్‌లైన్‌లో 1,450 అని చూసి ఏసీ డబుల్ రూమ్ బుక్ చేశాను. తీరా వెళ్లాక కౌంటర్‌లో కూర్చున్నాయన "అది నాన్ ఏసీ రేటు సార్, ఏసీకి ఇంకో 300" అన్నాడు. ఫోన్‌లో బుకింగ్ చూపించాను, అటువైపు చూడను కూడా లేదు. పైగా 500 డిపాజిట్. రూమ్ మూడో అంతస్తులో, లిఫ్టు పనిచేయదు. మా బాబాయికి మోకాళ్ల నొప్పులు, 69 ఏళ్లు. ఒక్కో మెట్టూ రైలింగ్ పట్టుకుని ఎక్కుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. వేడినీళ్లు ఆరు నుంచి ఏడు వరకేనట, ఆ గంటలో కూడా గోరువెచ్చగా వచ్చి ఆగిపోయాయి. తెల్లారి ఖాళీ చేసేటప్పుడు "టీవీ రిమోట్‌కి వెనక మూత లేదు" అని ఆ 500 వెనక్కి ఇవ్వలేదు. మేం టీవీ పెట్టనే లేదు. బాబాయి మాత్రం "పోనీలేరా, మ్యూజియానికి టైమవుతోంది" అని నన్ను బయటికి లాక్కొచ్చారు. గదిలోకి అడుగు పెట్టగానే రిమోట్, దుప్పట్లు, కుళాయిలు అన్నీ ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. డిపాజిట్‌కి రసీదు అడగండి, ఇవ్వకపోతే ఆ గదే వద్దు.

అసలు ఎందుకు వెళ్లామంటే, బాబాయి ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యారు, నాకేమో పాత శిల్పాల పిచ్చి. ఆయనకు గుంటూరు చూడాలని, నాకు అమరావతి, అక్కడి శిల్పాలున్న చెన్నై మ్యూజియం చూడాలని. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా వెళ్లింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వచ్చి ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంటి మీద పరికరాలు పెట్టుకున్నాడు, అదే ఊళ్లో టెన్నెంట్ అనే ఇంగ్లిష్ మేజర్ గ్రహణాన్ని ఫోటోలు తీశాడు. ఆ ఫోటోల్లో నల్లటి బిళ్ల అంచున తెల్లగా కొమ్ములా సూర్యుడి మంట ఒకటి లేచి ఉంటుంది. బాబాయి దాన్ని ప్రింట్ తీయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొచ్చారు. "గుంటూరులో హీలియం కనిపెట్టారు అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు గానీ, జాన్సెన్ గొప్పతనం వేరేరా. ఆ మంటల్ని చూడటానికి గ్రహణమే అక్కర్లేదని కనిపెట్టాడు, మర్నాడు మామూలు ఎండలోనే చూశాడు. ఆ మంటల వెలుగుని రంగులుగా విడగొడితే కనిపించే పసుపు గీత కొత్త మూలకానిదని, అంటే హీలియందని తేల్చింది ఇంగ్లండులో లాకియర్ వాళ్లు. భూమ్మీద అది దొరికింది 1895లో, రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త చేతికి" అని బస్టాండ్‌లో నిలబడి నాకు పాఠం చెప్పారు. టీ కొట్టు దగ్గర, ఆటో స్టాండ్ దగ్గర ఓ పది మందిని అడిగాం, ఒక్కరూ ఈ సంగతి వినలేదు. ఆయన ముఖం చిన్నబోయింది, ఆ పూట మళ్లీ మాట్లాడలేదు.

అమరావతికి ఆటో 900. మేం వెళ్లింది శుక్రవారం, మ్యూజియం సెలవు. అప్పుడు చెన్నై మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవు కాబట్టి, రెండూ చూడాలనుకునేవాళ్లు ముందే లెక్క చూసుకోండి. గుడి దగ్గర 800కి గది దొరికింది. ఫ్యాన్ గదే గానీ నేల తుడిచి ఉంది, బకెట్ తళతళలాడుతోంది, అడక్కుండానే బాబాయికి కింది గది ఇచ్చారు. మధ్యాహ్నం ఒక ఇంటి వసారాలో వడ్డించే మెస్‌లో 110కి భోజనం. ముద్దపప్పు, గోంగూర, నెయ్యి, ఇంకా పెట్టమంటే విసుక్కోకుండా పెట్టింది ఆవిడ. బాబాయి అలక అక్కడే తీరింది.

అమరావతి బౌద్ధ స్తూపం దగ్గరికి వెళ్తే మొదట గుండె బరువెక్కుతుంది. తక్కువ ఎత్తు గుండ్రటి దిబ్బ, ఇటుకలు, చుట్టూ కొన్ని పలకలు, అంతే. 1790ల్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ కొత్త ఊరు కడుతున్నప్పుడు రాళ్ల కోసం తవ్వారు. సంగతి విని 1798లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్లీ 1816లో వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేసి ఉంది. అప్పుడు తన మనుషుల్ని కూర్చోబెట్టి మిగిలిన రాళ్లకు బొమ్మలు గీయించాడు. ఎనభైకి పైగా ఉన్నాయవి, కొలతలతో సహా. గీసినవాటిలో చాలా రాళ్లు ఆ తర్వాత మాయమయ్యాయి, బొమ్మే మిగిలింది. మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు మన ఏలూరు వాళ్లు. వాళ్లు ఊరూరా తిరిగి శాసనాలు, చరిత్రలు సేకరించకపోతే ఈ రోజు మనకు చాలా తెలిసేది కాదు. ఆ బొమ్మల కాపీలు నా ఫోన్‌లో ఉన్నాయి, దిబ్బ చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కటీ తీసి చూస్తుంటే ఆ ఖాళీలో ప్రాకారం లేచి నిలబడినట్టే అనిపించింది. బొమ్మలు లేకుండా మాత్రం అక్కడికి వెళ్లొద్దు, పావుగంటలో "ఇంతేనా" అని వచ్చేస్తారు. మర్నాడు మ్యూజియం చూశాం, బాగుంది.

విజయవాడ నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై, హాయిగా గడిచింది.

ఇక ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియం. మేం వెళ్లినప్పుడు టికెట్ మనిషికి 15 రూపాయలు, లోపల అమరావతి గ్యాలరీ. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి మద్రాసుకు పంపిన రాళ్లు ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయటే పడి ఉన్నాయి. 1858లో లినేయస్ ట్రైప్ వాటిని ఫోటోలు తీశాడు, మరుసటి ఏడాదే 121 రాళ్లు లండన్‌కు ఓడెక్కాయి. మనకు మిగిలినవాటిలో నేను చూడాలనుకున్నది నలగిరి ఏనుగు ఫలకం, బుద్ధుణ్ని చంపడానికి వదిలారని కథల్లో చెప్పే ఏనుగు అది. గుండ్రటి పలనాటి సున్నపురాయి, దాని మీద ఒకే వీధిలో రెండు క్షణాలు. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు ఒక మనిషిని తొండంతో పట్టుకుని ఉంది, జనం ఒకరినొకరు కరుచుకున్నారు, పై కిటికీల్లోంచి తలలు తొంగిచూస్తున్నాయి. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఒంగి దగ్గరగా చూస్తే ఏనుగు నుదుటి ముడత కూడా చెక్కారు.

శిల్పాలు పట్టని బాబాయి ఆ ఫలకం దగ్గరే ఇరవై నిమిషాలు నిలబడ్డారు, మోకాలి నొప్పి ఊసే లేదు. కాసేపటికి సంచిలోంచి గ్రహణం ప్రింట్ తీసి పక్కన పట్టుకుని చూశారు. "ట్రైప్ తీసినది 58, ఇది 68. పదేళ్ల తేడా. రెండూ మన గుంటూరు సరుకేరా" అన్నారు. పక్కనున్న కంచు విగ్రహాల గ్యాలరీ కూడా తప్పకుండా చూడండి, తిరువాలంగాడు నటరాజు ఒక్కడి కోసమైనా గంట కేటాయించుకోవాలి.

ఇద్దరికీ కలిపి ఐదు రోజులకు 9,640 అయింది, లాడ్జి వాడు ఉంచేసుకున్న 500తో సహా. వచ్చే నెల బాబాయి గుంటూరులో తన పాత కాలేజీ పిల్లలకు ఆ ఫోటో చూపించి గ్రహణం కథ చెబుతానంటున్నారు, ప్రింట్ పెద్ద సైజులో తీయించమని నాకు అప్పుడే పురమాయించారు.