‘శరీర వయసు’ ప్యాకేజీ: సూదికి ఫుల్ మార్కులు, లెక్కకు సున్నా

హన్మకొండ చౌరస్తా దగ్గరి ఓ ల్యాబుల మా బాపుకు ఈ ప్యాకేజీ చేయించినం; రక్త పరీక్షలను బట్టి ఒళ్లు ఎన్నేండ్లదో లెక్కగట్టి చెప్తరన్నట్టు. పొద్దుగాల ఇంటికొచ్చిన పిల్లగాడు సన్నటి నరాన్ని ఒక్క పోటుకే దొరకబట్టిండు, బాపు ఉలుకలేదు. తేడా అంతా రిపోర్టులనే. 2018ల మోర్గన్ లెవిన్ అనే పరిశోధకురాలి బృందం అమెరికా ఆరోగ్య సర్వే డేటాను జల్లెడపట్టి తీసిన శరీర వయసు లెక్కకు అల్బుమిన్, క్రియాటినిన్, గ్లూకోజ్, సీఆర్‌పీ (ఒంట్ల వాపును చూపే కొలత) లాంటి 9 రక్త కొలతలు, పుట్టినతేదీ వయసు కావాలె. దానికి పునాది గోంపెర్ట్జ్ అనే గణిత పండితుడు 1825ల చెప్పిన సూత్రం: పెద్దయినంక చావు ముప్పు ఏటేటా ఒకే నిష్పత్తిల పెరుగుతది. వీళ్ల ప్యాకేజీల సీఆర్‌పీయే లేదు! మరి 74 ఏండ్ల మనిషికి 61 ఎట్ల తేల్చిన్రంటే, ‘సాఫ్ట్‌వేరే ఇస్తది సార్’ అన్నది కౌంటర్ల మేడం. బాపేమో ఆ కాగితం పట్టుకొని వాడకట్టంతా తిరుగుతుండు. షుగరు, కిడ్నీ పరీక్షలకైతే పోండ్రి; దీనికి పైసలు పెట్టకుండ్రి.