చుట్టే బోర్డు, బరువు పావులు: డెల్టా తేమకి తట్టుకునే చెస్ సెట్టు

రాజమండ్రిలోనో భీమవరంలోనో స్పోర్ట్స్ షాపుకెళ్ళి చెస్ సెట్టు అడిగితే ముందు మూడు రకాలు తీసి చూపిస్తారు: మడతపెట్టే అయస్కాంతం బోర్డు, చెక్క సెట్టు, చుట్టే వినైల్ బోర్డుతో వచ్చే ప్లాస్టిక్ పావులు. పిల్లల్ని టోర్నమెంట్లకి పంపాలనుకుంటే మూడోదే కొనండి. చెక్క సెట్టు పక్కన ఉంచి చూస్తే అది వెలవెలబోతుంది, నిజమే. కానీ ఇక్కడి వాతావరణానికి నిలబడేది అదే.

అమృత్‌సర్‌లో షీషం కర్రతో చేసే పావుల పనితనానికి వంకపెట్టలేం. ఇబ్బందల్లా కర్ర గుణంతోనే. తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. వానాకాలంలో ముసురు పట్టి వారాల తరబడి గోడలు కూడా ఆరని ఊళ్ళు మనవి. అమలాపురం, నర్సాపురం వైపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది. మడత బోర్డు వంగి బల్లమీద సమంగా కూర్చోదు, కొక్కేలు తుప్పు పడతాయి, పావుల అడుగున అంటించిన గుడ్డకి బూజు పడుతుంది. అద్దాల బీరువాలో దాచుకునేవాళ్ళకైతే సరే, రోజూ ఆడేవాళ్ళకి కాదు. అయస్కాంతం సెట్టు రైలు ప్రయాణానికి బాగుంటుంది, అంతవరకే.

ఇక చుట్టే బోర్డు సెట్టులో ఏం చూడాలి? మొదట కొలత. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) ప్రమాణం ప్రకారం రాజు ఎత్తు 9.5 సెంటీమీటర్లు, మంత్రి 8.5, శకటు 7, గుర్రం 6, ఏనుగు 5.5, బంటు 5. గడి ఒక్కో పక్క 5 నుంచి 6 సెంటీమీటర్లు. షాపులో టేపు లేకపోతే ఒకే గడిలో నాలుగు బంట్లు నిలబెట్టి చూడండి. సరిగ్గా పట్టాయంటే బోర్డుకీ పావులకీ జత కుదిరినట్టే. 17 అంగుళాల బోర్డుతో పెద్ద రాజుని కలిపి అమ్మే సెట్లు ఉన్నాయి. వాటిలో పావులు ఒకదానికొకటి రాసుకుంటాయి, ఏ పావు ఏ గడిలో ఉందో తగువు వస్తుంది. 20 అంగుళాల బోర్డు తీసుకోండి.

పావులు స్టాంటన్ నమూనావే అయ్యుండాలి. 1849లో నథానియల్ కుక్ రిజిస్టర్ చేయించి, లండన్‌లో జాక్స్ కంపెనీ తయారుచేసిన నమూనా అది. అప్పటి గొప్ప ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ పేరు పెట్టారు. అంతకుముందు రకరకాల ఆకారాల్లో వచ్చే పావుల్లో ఏది మంత్రో ఏది శకటో పోల్చుకోవడమే కష్టంగా ఉండేది. నాసి అచ్చుల్లో ఆ గందరగోళం ఇప్పటికీ ఉంది. శకటు తలమీద ఏటవాలు కోత లోతుగా లేకపోతే, టైం తక్కువ ఉన్నప్పుడు అది బంటులా కనబడుతుంది. గుర్రం మెడ దగ్గర అచ్చు అతుకు చేతికి గీరుకుంటే ఆ సెట్టు వదిలేయండి.

అన్నిటికంటే ముఖ్యం బరువు. మన దగ్గర చాలా టోర్నమెంట్లు కల్యాణ మండపాల్లోనో స్కూలు హాళ్ళలోనో జరుగుతాయి. నెత్తిన ఫ్యాన్లు, పక్కన స్టాండు ఫ్యాన్లు. బోలు పావులైతే ఆ గాలికీ, చెయ్యి తగిలినా పడిపోతాయి. పడ్డ పావుని సొంత టైంలోనే నిలబెట్టాలి, పడుండగా క్లాక్ (ఇద్దరి టైం విడివిడిగా లెక్కపెట్టే గడియారం) నొక్కితే ఆర్బిటర్ (ఆట నిర్ణేత) శిక్ష వెయ్యొచ్చు. రాజుని సగానికి వంచి వదలండి, ఊగి మళ్ళీ నిలబడాలి. తర్వాత చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గలగలమంటే అడుగున పెట్టిన ఇనుప బిళ్ళ జిగురు వదిలిందన్నమాట. అది తేమకి తుప్పు పట్టి, కొన్నాళ్ళకి అడుగు గుడ్డమీద గోధుమ రంగు మరక తేలుతుంది.

సెట్టులో 32 పావులు కాదు, 34 ఉండాలి. ఆ రెండూ అదనపు మంత్రులు. ఎందుకంటారా? 2017 కెనడా ఛాంపియన్‌షిప్ టై తేల్చే బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో ముగిసే) ఆటలో నికోలాయ్ నోరిట్సిన్ బంటు చివరి వరసకి చేరింది, దాన్ని మంత్రిగా మార్చుకోవాలి. బల్ల పక్కన మంత్రి లేదు, అది ప్రత్యర్థి బటోర్ సాంబుయెవ్ చేతిలో ఉండిపోయింది. నోరిట్సిన్ తొందరలో ఏనుగుని తలకిందులుగా పెట్టి మంత్రి అన్నాడు. అది ఏనుగే అని ఆర్బిటర్ తేల్చాడు. టైటిల్ సాంబుయెవ్‌కి వెళ్ళింది. పావు అందుబాటులో లేకపోతే క్లాక్ ఆపి ఆర్బిటర్‌ని అడగొచ్చు, రూలు ఆ వీలు ఇస్తుంది. చిన్నపిల్లలకి ఆ సమయంలో ఇది గుర్తు రాదండీ. పక్కన అదనపు మంత్రి ఉంటే ఆ గొడవే లేదు.

బోర్డు విషయానికొస్తే మెరిసే రకం వద్దు, ట్యూబులైటు కాంతి కళ్ళలో కొడుతుంది. ముదురాకుపచ్చ, మీగడ రంగు మంచి జత. అక్షరాలు, అంకెలు సరిగ్గా అచ్చయ్యాయో చూడండి: ఎ1 నల్ల గడి, హెచ్1 తెల్ల గడి. తిరగేసి అచ్చేసిన బోర్డులు ఇంకా అమ్ముతున్నారు. వాటిమీద ఎత్తులు రాసుకోవడం నేర్చుకున్న పిల్లలు టోర్నమెంట్‌లో తడబడతారు. కొత్త బోర్డు అంచులు లేస్తుంటే అచ్చు వైపు బయటికి వచ్చేలా ఎదురు చుట్టి ఒక రాత్రి ఉంచండి. ఇస్త్రీపెట్టె తగలనివ్వకండి. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో వదిలేస్తే వినైల్ అలలు తేలుతుంది, మళ్ళీ చదును కాదు.

సంచిలో పెట్టే రూల్స్ కాగితం దాదాపు అన్ని సెట్లలోనూ నాసిగానే ఉంటుంది. క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కలిసి కదలడం) గురించి సగమే చెబుతారు. రాజుకి చెక్ ఉండకూడదు, రాజు దాటే గడి మీదా చేరే గడి మీదా దాడి ఉండకూడదు. ఏనుగు మీద దాడి ఉన్నా ఫర్వాలేదు. ఒంటి చేత్తో, ముందు రాజుని కదపాలి. ముందు ఏనుగుని ముట్టుకుంటే ఏనుగునే ఆడాల్సొస్తుంది, ఆ ఎత్తులో అటువైపు క్యాస్లింగ్ పోయినట్టే. పాత దేశవాళీ ఆటలో రాజు ఒకసారి గుర్రంలా దూకేవాడు. ఇంట్లో తాతయ్య దగ్గర అది నేర్చుకున్న పిల్లలకి ముందే తేడా చెప్పండి.

క్లాక్ విడిగా కొనాలి. లోకల్ టోర్నమెంట్ల ప్రకటనల్లో బోర్డు, క్లాక్ మీరే తెచ్చుకోండి అని తరచు రాస్తారు. ప్రతి ఎత్తుకీ సెకన్లు కలిపే సౌకర్యం లేని ముళ్ళ క్లాక్ ఇప్పుడు దండగ. ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ టైం ఆటల) ఛాంపియన్‌షిప్‌లో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో, 2024లో మహిళల టైటిల్ గెలిచింది ఆ పద్ధతిలోనే. డీజీటీ కంపెనీ క్లాక్ ఖరీదెక్కువే గానీ, మీట ఎటు వాలిందో చూస్తే ఎవరి వంతో దూరం నుంచే తెలుస్తుంది. ఏ క్లాక్ కొన్నా షాపులోనే 15 నిమిషాలు, 10 సెకన్లు పెట్టించి, నాలుగైదు సార్లు నొక్కి, సెకన్లు కలుస్తున్నాయో లేదో చూసుకోండి. టోర్నమెంట్లు లేని నెలల్లో సెల్స్ తీసి విడిగా పెట్టండి. లోపలే వదిలేస్తే కారి, స్ప్రింగులకి పచ్చ చిలుం పడుతుంది.